కరువు సీమలో కుటుంబ రుణం: దాపరికం, పద్దు, గడువు

అనంతపురం పీఠభూమిలో జూన్ అప్పుల నెల. తొలకరి కోసం ఆకాశం వైపు చూస్తూనే రైతు విత్తనకాయలకు, ఎరువుకు, దుక్కి కూలికి సొమ్ము వెదుక్కోవాలి. బడులు తెరిచేది కూడా అప్పుడే. ఫీజులు, పుస్తకాలు, బట్టలు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. వర్షాధారపు వేరుశనగ పంట చేతికి వచ్చేది అక్టోబరు, నవంబరులలో. అదీ వాన కరుణిస్తేనే. ఖర్చుకూ రాబడికీ మధ్య ఉన్న ఈ నాలుగైదు నెలల ఎడమే ఈ సీమలో అప్పుకు పుట్టినిల్లు. సేద్యం లేని ఇండ్లు కూడా ఈ చక్రానికి వెలుపల లేవు. పరుపులు కుట్టేవాని గిరాకీ, గాజులమ్మే స్త్రీ బేరం, ఆటో నడిపేవాని కిరాయి, మాంసపు అంగడి అమ్మకం, అన్నీ పల్లెలో పంట పండిందా లేదా అన్న దానిమీదే ఆధారపడి ఉంటాయి.

రెండు ఋతుపవనాలూ ఈ సీమను సరిగా చేరవు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు తీరంలోనే అలసిపోతాయి. ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 2022 ఏప్రిల్‌లో పాత అనంతపురం జిల్లాను రెండుగా విభజించి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పాటు చేశారు. కదిరి, ధర్మవరం, హిందూపురం అందులోకి వెళ్ళాయి. పటంలో గీత మారినా నేల తీరు మారలేదు.

ఇక అప్పుల సంగతి. 2003లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 82 రైతు కుటుంబాలు రుణగ్రస్తమై ఉన్నాయి. దేశం మొత్తం మీద ఈ సంఖ్య 48.6. అలాంటి సర్వేయే 2019లో జరిగినప్పుడు విభజిత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలకు అప్పు ఉన్నట్లు తేలింది. ఒక్కో కుటుంబంపై సగటు రుణభారం 2,45,554 రూపాయలు. దేశపు సగటు అప్పుడు 74,121 రూపాయలు మాత్రమే.

ఈ అంకెలు చెప్పే మాట ఒకటుంది. పది ఇండ్లలో తొమ్మిది అప్పులో ఉన్నచోట, అప్పును ఒక్క మనిషి దుబారాతనం ఫలితమని అనడం న్యాయం కాదు. అప్పుచేసి పప్పుకూడు తింటున్నారని ఎగతాళి చేయడం లోకానికి సులభం. కాని ఈ సీమలో అధిక భాగం అప్పు పప్పుకూటికి చేసింది కాదు; సంగటికి, బోరుకు, ఆసుపత్రికి చేసింది. అయినా ప్రతి ఇల్లూ ఊరంతటిలో తానొక్కటే మునిగిపోతున్నట్లు తలవంచుకుంటుంది. భర్త చేసిన అప్పు భార్యకు తెలియదు. భార్య గ్రూపులో తీసుకున్నది భర్తకు పూర్తిగా తెలియదు. పెద్దవారికి ఇద్దరూ చెప్పరు. అప్పు కంటె ఈ దాపరికమే ఇంటికి ఎక్కువ చేటు చేస్తున్నది. ఇందుకు విరుగుడు షరీఅత్ బోధనల్లోనే ఉన్నది. అది ఏమిటో, తక్కువ రాబడి గల ఇంట అది ఎలా ఆచరణలోకి వస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సగం మాత్రమే వినిపించే మాట

రుణం గురించి మన మస్జిదులలో తరచుగా వినిపించే సంఘటన ఒకటి. ఒక వ్యక్తి జనాజా తెచ్చినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అతనికి అప్పు ఉన్నదా అని విచారించారు. ఉన్నదనీ, తీర్చడానికి ఏమీ విడిచిపోలేదనీ తెలిసినప్పుడు తాము నమాజుకు నాయకత్వం వహించక, మీరే చేయించండని సహచరులతో అన్నారు. అప్పుల్లో ఉన్న మనిషి ఈ మాట విని ఇంటికి వెళితే అతనికి నిద్ర పట్టదు. ఇహంలో అప్పులవాడు, పరంలో ప్రవక్త నమాజుకు కూడా నోచుకోనివాడు. ఇంతకు మించిన నిరాశ ఏముంటుంది?

కాని ఈ సంఘటన అక్కడితో ముగియలేదు. ఆ సభలోనే హజ్రత్ అబూ ఖతాదా (రజి) లేచి, ఆ కొద్ది దీనార్ల బాధ్యత తనదని హామీ ఇచ్చారు. దైవప్రవక్త (స) వెంటనే నమాజు చేయించారు. అటు తరువాత ప్రజానిధికి వనరులు సమకూరినప్పుడు ఆయన ఒక ప్రకటన చేశారు. విశ్వాసి ఎవరైనా అప్పు మిగిల్చి మరణిస్తే దానిని తీర్చే బాధ్యత తమదనీ, ఆస్తి మిగిల్చితే అది వారసులదనీ ఆ ప్రకటన సారాంశం. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటా ఈ విషయం నమోదై ఉన్నది.

కనుక ఈ బోధన రెండు వైపులకూ వర్తిస్తుంది. అప్పు తేలిక విషయం కాదని రుణగ్రస్తునికి హెచ్చరిక. అతణ్ణి ఒంటరిగా వదిలివేయడం తగదని సమాజానికి ఆజ్ఞ. మొదటి సగం మాత్రమే చెప్పి రెండవ సగం విడిచిపెట్టడం వలన భయం మిగులుతుంది, దారి కనిపించదు. భయపడిన మనిషి అప్పు తీర్చడు, దాస్తాడు.

అప్పు మనసును ఏమి చేస్తుంది

దైవప్రవక్త (స) తరచుగా చేసే ఒక దుఆలో చింత, దుఃఖం, అశక్తత, సోమరితనం, రుణభారం, మనుషుల పెత్తనం నుండి శరణు వేడుకోవడం కనిపిస్తుంది. ఈ వరుస గమనింపదగినది. రుణభారం అందులో ఒంటరిగా లేదు. మనోవ్యథతోనూ, ఇతరుల దౌర్జన్యంతోనూ కలిసి ఉన్నది. మరొక సందర్భంలో, రుణం నుండి ఇంతగా ఎందుకు శరణు వేడుతున్నారని అడిగినప్పుడు, అప్పుపడినవాడు మాట్లాడితే అబద్ధమాడతాడు, మాట ఇస్తే తప్పుతాడు అని ఆయన వివరించారు.

ఇది నిందగా చెప్పిన మాట కాదు. మనిషి స్వభావం ఎరిగి చెప్పిన మాట. అప్పు మనిషిని దొంగను చేయకముందే దొంగచూపులు నేర్పుతుంది. అంగడివాడు కనిపిస్తే వీధి మారుస్తాడు. తలుపు తట్టిన శబ్దానికి పిల్లలతో నాన్న ఇంట లేడని చెప్పిస్తాడు. సెల్‌ఫోను మోగితే తిప్పి పెడతాడు. అప్పిచ్చినవాడు మస్జిదులో ముందు వరుసలో ఉంటాడని జుమా నమాజుకు వెళ్ళడం కూడా మానుకుంటాడు. రాత్రి నిద్ర ఉండదు, పగలు పనిమీద ధ్యాస నిలవదు. చిన్న మాటకు పిల్లలమీద విరుచుకుపడతాడు. ఈ స్థితిలో తీసుకునే నిర్ణయాలు సరిగా ఉండవు. ఎంత వడ్డీ అన్నది చూడకుండా, ఈ రోజు ఎవరు ఇస్తారన్నదే చూస్తాడు.

1990ల చివరినుండి అనంతపురం పేరు రైతుల ఆత్మహత్యలతో ముడిపడి పత్రికలకు ఎక్కింది. ఆ మరణాలకు కరువు, మార్కెట్టు, బోర్ల వైఫల్యం వంటి కారణాలు ఎన్నో. ఐతే అవమాన భయాన్ని ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం వాటన్నిటినీ మరింత భరించరానివిగా చేస్తుంది. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానతు. దానిమీద ఏ అప్పుదారుకూ హక్కు లేదు. అప్పులవాడు తాను బ్రతకడం వృథా అనే ధోరణిలో మాట్లాడితే, ఇంటివారు దానిని మాటవరసకు అన్నదిగా కొట్టివేయరాదు. ఆ రాత్రి అతణ్ణి ఒంటరిగా ఉంచరాదు, పురుగుమందు వంటివి అందుబాటులో ఉంచరాదు, వైద్యునికి చూపాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే సేవకు 14416 అంకెకు ఫోను చేసి ఉచితంగా సలహా పొందవచ్చు. ఇది తవక్కుల్‌కు విరుద్ధం కాదు. జ్వరానికి మందు వేసుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

అప్పుపడినవాడే చెప్పి వ్రాయించాలి

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటె పొడవైన వాక్యం నమాజు గురించి కాదు, ఉపవాసం గురించీ కాదు. అల్ బఖరా సూరాలోని ఆ 282వ వాక్యం అప్పును వ్రాసి పెట్టుకోవడం గురించినది. గడువు నిర్ణయించుకొని చేసే అప్పును వ్రాయాలి, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలి, సాక్షులు ఉండాలి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందరాదు అన్నవి అందులోని ఆదేశాలు.

వీటన్నిటి మధ్య ఒక ఆదేశం మీద ప్రత్యేకంగా దృష్టి నిలపాలి. పత్రంలోని మాటలు చెప్పవలసినవాడు అప్పిచ్చినవాడు కాడు, అప్పుపడినవాడు. అతడు అశక్తుడైతే అతని తరఫున సంరక్షకుడు చెప్పాలి. అంటే బలహీనుడైన పక్షం నోటనే లెక్క పలికించడం షరీఅత్ ఉద్దేశం. ఎంత తీసుకున్నాడో, ఎప్పుడు ఇస్తాడో అతడు తన గొంతుతో చెప్పగలగాలి.

నేడు జరుగుతున్నది దీనికి పూర్తిగా విరుద్ధం. ఖాళీ ప్రాంసరీ నోటు మీద సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. అంకె తరువాత వేసుకుంటారు. సెల్‌ఫోను ద్వారా అప్పిచ్చే కొన్ని యాప్‌లు ఇంకా ముందుకు వెళ్ళి, ఫోనులోని చుట్టపక్కాల నెంబర్లన్నీ లాగివేసి, కంతు తప్పితే వారందరికీ పరువు తీసే సందేశాలు పంపాయి. ఇలాంటి వేధింపు నేరం; 1930 అంకెకు ఫిర్యాదు చేయవచ్చు. ఖాళీ కాగితం మీద సంతకం చేసినవాడు తన నోటికి తానే తాళం వేసుకున్నట్లు. ఎంత అవసరమైనా అది చేయరాదు. అప్పు తీర్చిన రోజున నోటు వెనక్కి తీసుకోవడం, పాక్షికంగా చెల్లించినా రసీదు అడగడం అనుమానించినట్లు కాదు. ఖుర్ఆన్ ఆదేశాన్ని పాటించినట్లు.

ఈ ఆదేశాన్ని ఇంటిలోపలికి కూడా తేవాలి. ఉహద్ యుద్ధంలో అమరులైన హజ్రత్ జాబిర్ (రజి) తండ్రి పెద్ద అప్పు మిగిల్చారు. తోటలోని ఖర్జూరాలు చాలవని అప్పుదారులు ఒప్పుకోలేదు. దైవప్రవక్త (స) చెప్పిన మొదటి పని ఏమంటే, ఖర్జూరాలను రకాలవారీగా వేరువేరు కుప్పలు పోయమనడం. ఆ తరువాతనే ఆయన వచ్చి కూర్చుని, అప్పుదారులను పిలిపించి కొలిపించారు. అందరికీ చెల్లి ఇంకా మిగలడం అల్లాహ్ ప్రసాదించిన శుభం. కాని శుభం దిగింది వేరుచేసి పోసిన కుప్పల మీద అన్నది మరువరాదు.

ఒక ఇంటి పద్దు

ఉదాహరణకు గుంతకల్లులో పరుపులు కుట్టి జీవించే ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. పెండ్లిళ్ళ నెలల్లో ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ. సగటున నెలకు 15,000 రూపాయల రాబడి. అద్దె 3,500, తిండి 6,000, కరెంటు, గ్యాసు 1,000, బడి, మందులు 900. మొత్తం 11,400. ఇంతవరకు ఇల్లు గడుస్తుంది.

ఇక అప్పులు. ఒక రాత్రి ఇషా నమాజు తరువాత భార్యాభర్తలు నోటుపుస్తకం ముందు కూర్చున్నారనుకోవాలి. నిందలు వేయరాదు, ఎందుకు చేశావని అడగరాదు. ఎంత, ఎవరికి, ఎప్పటికి అన్నదే అడగాలి. ఆరు పద్దులు బయటపడ్డాయి.

ఒకటి, రోజువారీ ఫైనాన్సు: రోజుకు 100, ఇంకా 50 రోజులు మిగిలి ఉన్నది. రెండు, వారపు కంతుల గ్రూపు: వారానికి 600, అంటే నెలకు సుమారు 2,600. మూడు, పొరుగింటి నుండి నూటికి మూడు రూపాయల వడ్డీకి 20,000: వడ్డీకే నెలకు 600. నాలుగు, బ్యాంకులో నగ కుదువపెట్టి 40,000: వడ్డీ నెలకు సుమారు 400. ఐదు, అంగడి ఖాతా 4,000. ఆరు, భార్య అన్న వడ్డీ లేకుండా ఇచ్చిన 15,000.

నెల కంతులు, వడ్డీలు కలిపితే 6,600. ఇంటి ఖర్చుతో కలిపి 18,000. రాబడి 15,000. ప్రతి నెలా 3,000 లోటు. ఈ లోటును పూడ్చడానికే రోజువారీ ఫైనాన్సు ముగియగానే మళ్ళీ తీసుకుంటున్నారు. ఇన్నాళ్ళూ భర్త తన చేతకానితనం అనుకున్నది, భార్య తన దురదృష్టం అనుకున్నది, నిజానికి ఈ 3,000 రూపాయల తీసివేత లెక్క. సిగ్గుకు పేరు పెట్టలేరు, లెక్కకు పెట్టగలరు. పేరు తెలిసిన శత్రువుతో పోరాడవచ్చు.

ఇప్పుడు ఏ అప్పు ఎంత బరువో తూచాలి. నూటికి మూడు రూపాయలంటే నెలకు. ఏడాదికి 36 శాతం. రోజువారీ ఫైనాన్సులో 10,000 అని వ్రాసి 9,000 చేతికిస్తారు, రోజుకు 100 చొప్పున నూరు రోజులు తీసుకుంటారు. వడ్డీ వెయ్యే కదా అనిపిస్తుంది. కాని మొదటి రోజునుండే అసలు తరిగిపోతూ ఉండడం వలన, చేతిలో సగటున నిలిచేది అందులో సగమే. ఆ లెక్కన వడ్డీ ఏడాదికి 75 శాతం దాటుతుంది. చిన్న కంతుగా కనిపించేదే అన్నిటికంటె భారమైనది.

దీని తరువాత దారి కనిపించడం మొదలవుతుంది. కుదువలో ఉన్న నగ విలువ 60,000 అనుకుంటే, దానిని విడిపించి అమ్మితే బ్యాంకు అప్పు 40,000 తీరి 20,000 మిగులుతుంది. దానితో పొరుగింటి అప్పు తీరుతుంది. నెలకు 1,000 ఆదా. రోజువారీ ఫైనాన్సును మిగిలిన 50 రోజులు కట్టి, మళ్ళీ తీసుకోకుండా ఆపివేస్తే నెలకు 3,000 ఆదా. అప్పుడు మిగిలేది వారపు కంతు ఒక్కటే. ఇంటి ఖర్చు, కంతు కలిపి 14,000. ప్రతి నెలా 1,000 రూపాయలు మిగులు.

ఇక్కడ రెండు విషయాలు మరువరాదు. మొదటిది: ఆ నగ భార్యది. మహరుగా గాని, పుట్టింటినుండి గాని, కానుకగా గాని వచ్చిన స్త్రీ ధనం మీద భర్తకు హక్కు లేదు. ఆమె మనఃపూర్వకంగా సమ్మతించాలి. ఇంటి పరువు పేరుతో ఒత్తిడి చేసి తీసుకున్నది సమ్మతి కాదు. ఆమె దానంగా ఇచ్చానని చెబితే తప్ప అది భర్త ఆమెకు పడిన అప్పే. కనుక పుస్తకంలో ఏడవ పద్దుగా ఆమె పేరున 60,000 వ్రాయాలి. వడ్డీ లేని, తొందర లేని అప్పు, అయినా అప్పే.

రెండవది: ఫైనాన్సు ముగిసే ఆ 50 రోజులు గడ్డుకాలం. నగ అమ్మిన తరువాత కూడా నెలకు 2,000 లోటు ఉంటుంది. రెండు నెలలకు సుమారు 4,000. ఈ 4,000 దొరకకనే ఎన్నో ఇండ్లు మళ్ళీ అదే ఫైనాన్సు గడప ఎక్కుతున్నాయి. ఆ సమయానికి ఎవరైనా ఆ మొత్తాన్ని ఖర్జె హసనాగా ఇస్తే, దానిని, అంగడి ఖాతాను, భార్య అన్న అప్పును కలిపి 23,000. నెలకు 1,000 చొప్పున రెండేళ్ళలోపు తీరిపోతుంది; ఈలోగా వారపు కంతు ముగిస్తే ఇంకా ముందే తీరుతుంది.

ప్రతి ఇంటి అంకెలూ ఇలాగే ఉండవు. అమ్మడానికి నగ లేని ఇల్లు, మిగులు రాని రాబడి ఉంటాయి. అక్కడ లెక్క మరొక విషయం తేలుస్తుంది: ఈ అప్పు పొదుపుతో తీరేది కాదు, గడువు గాని జకాతు గాని కావాలని. అది తేలడమూ మేలే. కడుపు కట్టుకొని పిల్లల పాలు మాన్పించినా తీరని అప్పుకు పిల్లల పాలు మాన్పించడంలో అర్థం లేదు. భార్యాబిడ్డల పోషణ కూడా అతనిమీద ఉన్న రుణమే.

గడువు అడగడం అవమానం కాదు

అదే అల్ బఖరా సూరాలో 280వ వాక్యం, అప్పుపడినవాడు ఇబ్బందిలో ఉంటే అతనికి వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలని ఆదేశిస్తున్నది. మాఫీ చేయడం ఇంకా మేలని తెలుపుతున్నది. అంటే గడువు అడిగేవాడు బిచ్చం అడగడం లేదు; అల్లాహ్ తనకు కల్పించిన అవకాశాన్ని వాడుకుంటున్నాడు. ఐతే ఈ వెసులుబాటు లేనివానికే. ఉండి కూడా తిప్పేవాని జాప్యాన్ని దైవప్రవక్త (స) దౌర్జన్యమని అన్నారు.

పంట దెబ్బతిన్నవాని విషయంలో ఏమి చేయాలో కూడా ఆయన చూపించారు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) చెప్పిన సంఘటన అది. ఒకతను కొన్న పండ్లకు నష్టం వాటిల్లి, అప్పు పెరిగిపోయింది. అతనికి దానం చేయమని దైవప్రవక్త (స) ప్రజలకు చెప్పారు. చేశారు, అయినా చాలలేదు. అప్పుడు ఆయన అప్పుదారులతో, దొరికినది తీసుకోండి, ఇంతకు మించి మీకు లేదని తేల్చారు. వాన తప్పిన ఏడాది పండని చేను చూసే ఈ సీమవారికి ఈ తీర్పు ఎంత దగ్గరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆచరణలో గడువు అడగడానికి ఒక పద్ధతి ఉన్నది. వాయిదా దాటిన తరువాత కాక, దాటకముందే వెళ్ళాలి. ఉత్త చేతులతో కాక, చిన్న మొత్తమైనా తీసుకొని వెళ్ళాలి. ఎంతో కొంత ఇస్తాననక, నెలకు ఇంత, ఫలానా తేదీన అని చెప్పాలి; నిలబెట్టుకోగలిగిన దానికంటె ఎక్కువ చెప్పరాదు. ఒక పెద్దమనిషిని వెంట తీసుకొని వెళ్ళాలి. మస్జిదులోనే హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి), తనకు బాకీ ఉన్న వ్యక్తితో గొంతు పెంచినప్పుడు దైవప్రవక్త (స) సగం మాఫీ చేయమని సైగ చేశారు. ఆయన ఒప్పుకోగానే, రెండవ వ్యక్తితో, లేచి మిగతాది చెల్లించమన్నారు. మధ్యవర్తి ఇద్దరితోనూ మాట్లాడాడు.

చట్టం కూడా కొంత రక్షణ ఇస్తున్నది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను ప్రకారం వంటపాత్రలు, పక్కబట్టలు, చేతివృత్తివాని పనిముట్లు, రైతు సేద్యపు పరికరాలు వంటివి డిక్రీ కింద జప్తు చేయరాదు. దివాలా తీసినవాని నివాసాన్ని, పనిముట్లను వదలాలని ఫుఖహాలలో పలువురు చెప్పినదీ ఇదే. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనలు చిన్నరుణ సంస్థలకు వర్తిస్తాయి. కుటుంబం నెలసరి కంతులన్నీ కలిపి రాబడిలో సగం దాటరాదనీ, ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తరువాత ఫోను చేసి వసూలుకు వేధించరాదనీ అవి చెబుతున్నాయి. ఐతే పైన చూసిన ఇంట అప్పులు రాబడిలో 44 శాతమే. అయినా లోటు తప్పలేదు. చట్టం గీసిన గీత లోపల ఉన్నంతమాత్రాన ఇల్లు క్షేమమని అనుకోరాదు. తగవు ముదిరితే జిల్లా న్యాయసేవాధికార సంస్థను, లోక్ అదాలత్‌ను ఆశ్రయించవచ్చు. స్త్రీలకు రాబడితో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

కోలారు అనుభవం

ఇదే పీఠభూమి దక్షిణపు కొసన, తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపించే కోలారు ప్రాంతంలో 2009లో జరిగిన సంగతి ఇక్కడ ప్రస్తావింపదగినది. అక్కడ పట్టుగూళ్ళనుండి దారం తీసే పనిలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒక్కో ఇంటికి ఒకటికి మించిన చిన్నరుణ సంస్థలు అప్పులిచ్చాయి. పట్టు వ్యాపారం మందగించింది, కంతులు బరువెక్కాయి. స్థానిక అంజుమన్ జోక్యం చేసుకొని, కంతులు కట్టవద్దని ముస్లిం స్త్రీలకు చెప్పింది. వసూళ్ళు ఒక్కసారిగా నిలిచిపోయాయి. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యలు పెద్ద వివాదమై, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇక్కడా కంతులు నిలిచిపోయాయి.

ఆ స్త్రీల కష్టం నిజం. వారి తరఫున అంజుమన్ మాట్లాడడమూ సరైనదే. కాని గడువు వేరు, ఎగవేత వేరు. గడువు అంటే ఇరుపక్షాలు కూర్చుని, ఇచ్చింది ఎంత, చెల్లించగలది ఎంత అని వ్రాసుకోవడం. ఎగవేతలో ఈ లెక్క ఉండదు. చెల్లించగలవారు, చెల్లించలేనివారు ఒకే గంపలో పడతారు. పైగా అప్పు ఆగిపోయినంతమాత్రాన అవసరం ఆగదు. సంస్థలు తలుపు మూసుకుంటే పేద ఇల్లు మళ్ళీ వడ్డీవ్యాపారి వద్దకే వెళుతుంది. కట్టవద్దని చెప్పడం ఒక్క రోజు పని. కట్టలేనివారి పద్దులు విడదీసి, వారి పక్షాన గడువు సాధించి, మళ్ళీ వడ్డీకి వెళ్ళకుండా ప్రత్యామ్నాయం చూపడం ఏళ్ళ పని. అంజుమన్‌లకు తగిన పని రెండవది.

జమాఅత్ చేయగలిగినది

జకాతు పొందదగిన ఎనిమిది వర్గాలను ఖుర్ఆన్ పేర్కొన్నది. అందులో ఒకటి గారిమీన్, అంటే రుణభారంలో చిక్కుకున్నవారు. రమజానులో జకాతు పంచేటప్పుడు వితంతువును, అనాథను గుర్తుంచుకుంటారు. అప్పులవాడు గుర్తుకు రాడు, ఎందుకంటే అతడు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని మస్జిదుకు వస్తాడు. అతడు చేయి చాపడు. అతణ్ణి వెదకవలసినది ఇచ్చేవారే.

వడ్డీ లేని రుణాలిచ్చే సంస్థలు మన నేలకు కొత్త కావు. హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908-2002), హైదరాబాదు రాజ్యంలో వడ్డీ లేకుండా నడిచిన పరస్పర సహాయ సంఘాల గురించి వ్రాశారు. దేవ్‌బంద్‌లో 1961లో ముస్లిం ఫండు ప్రారంభమైంది. ఇవి ఎక్కువగా చిన్న పొదుపులమీద, తాకట్టుమీద నడిచినవి. దీనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఒక మస్జిదు పరిధిలో 25 ఇండ్లు నెలకు 100 రూపాయల చొప్పున జమ చేస్తే ఏడాదికి 30,000. పైన చూసిన ఇంటికి గడ్డుకాలంలో కావలసినది 4,000. ఆ లెక్కన ఏడు ఇండ్లను రోజువారీ ఫైనాన్సు నుండి బయటికి తేవచ్చు. అవి తిరిగి చెల్లించగానే మరో ఏడు ఇండ్లను.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. హలాల్ పెట్టుబడి, వడ్డీ లేని లాభం అన్న పేర్లతో వేలాది ముస్లిం కుటుంబాల సొమ్ము సేకరించిన బెంగళూరు సంస్థ ఒకటి 2019లో కుప్పకూలింది. పేరు ఇస్లామీయమైనంతమాత్రాన పని ఇస్లామీయం కాదు. నిధి పద్దులు అందరికీ తెరిచి ఉండాలి. తీసుకున్నవారి పేర్లు మాత్రం ఇద్దరు ముగ్గురికి మించి తెలియరాదు.

అప్పులకు దారితీసే ఖర్చుల విషయంలోనూ జమాఅత్ బాధ్యత ఉన్నది. కరువు ఏడాదిలో కూడా జోడా సొమ్ము, విందుల ఆర్భాటం తగ్గకపోతే, పేద తండ్రికి పొదుపు బోధించడం వృథా. ఊరి పెద్దలే తమ ఇంటి పెండ్లిని నిరాడంబరంగా చేస్తే, లేనివానికి పరువు తక్కువ కాకుండా ఖర్చు తగ్గించుకునే వీలు కలుగుతుంది.

ఇక వడ్డీ అప్పులో ఇప్పటికే చిక్కుకున్నవారి మనసును తొలిచే ప్రశ్న మిగిలి ఉన్నది: ఈ పాపం నుండి ఎలా బయటపడాలి? కొత్త వడ్డీ అప్పు చేయకుండా ఆగడం, ఉన్నవాటిలో భారమైన వడ్డీని ముందు వదిలించుకోవడం, అసలును ఎగవేసే ఉద్దేశం లేకపోవడం: ఇవే ఆ పశ్చాత్తాపానికి గుర్తులు. తమ ప్రత్యేక పరిస్థితిని గూర్చి దగ్గరలోని ఉలమాను అడిగి తెలుసుకోవాలి. నిరాశ మాత్రం విశ్వాసి లక్షణం కాదు.

మొదట కావలసినది నోటుపుస్తకం, కలము, పిల్లలు నిద్రపోయిన తరువాత ఒక గంట సమయం. అప్పుపడినవాడు తన నోటితో చెప్పాలి. పక్కనున్నవారు కోపగించుకోకుండా వ్రాయాలి. చివరి పద్దు వ్రాసేసరికి మొత్తం మారదు. కాని అంతవరకు ఒక్కరు మోసిన బరువును ఇద్దరు మోస్తున్నారు. మరుసటి ఉదయం ఏ గడపకు ముందు వెళ్ళాలో, అక్కడ ఏ అంకె చెప్పాలో ఆ ఇంటికి తెలిసి ఉంటుంది.